వయో వందన కార్డు ఆయనకు ఉంది, మరి ఆవిడకు?

పెద్దవారి వైద్య ఖర్చుల గురించి గత సంచికలో రాసిన తరువాత విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే సందేహం. 70 ఏళ్లు నిండినవారికి ఆసుపత్రి ఖర్చుల కోసం ప్రభుత్వం ఇచ్చే వయో వందన కార్డు ఉండగా సొంత డబ్బు పెట్టి ఇంకో ఆరోగ్య బీమా తీసుకోవడం అవసరమా, అవసరమైతే ఎలాంటిది తీసుకోవాలి అని అడిగారు. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. మొదటి ఉత్తరంలోని చిక్కు చాలా ఇళ్లలో ఉన్నదే కాబట్టి దాని జవాబును కుదించలేదు.

ప్రశ్న: నా వయసు 72. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పని చేసి రిటైరయ్యాను. నిరుడు ఆయుష్మాన్ వయో వందన కార్డు తీసుకున్నాను. మా ఆవిడకు 66 ఏళ్లు, పదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. తెలిసిన ఏజెంటు ఒకరు ఇద్దరికీ కలిపి 10 లక్షల ఫ్లోటర్ పాలసీ తీసుకోమంటున్నారు. ప్రీమియం చూస్తే మా స్తోమతకు మించి ఉంది. మా అబ్బాయేమో, మొదటి 5 లక్షలు కార్డే చూసుకుంటుంది కాబట్టి 5 లక్షల డిడక్టిబుల్ ఉన్న, అంటే 5 లక్షలు దాటిన ఖర్చు మాత్రమే ఇచ్చే సూపర్ టాప్-అప్ పాలసీ చవకగా తీసుకుంటే సరిపోతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– సీతమ్మధార పాఠకులు

జవాబు: మీ ఉత్తరం చదవగానే నన్ను కలవరపెట్టిన సంగతి ముందు చెబుతాను. ఏజెంటుగారు ఇద్దరికీ కలిపి లెక్క వేశారు, మీ అబ్బాయి మీ కార్డును నమ్ముకుని లెక్క వేశారు. ఈ రోజున మీ శ్రీమతికి ఏ రక్షణా లేదన్న విషయం మాత్రం ఎవరి లెక్కలోకీ వచ్చినట్టు లేదు. వయో వందన కార్డు 70 ఏళ్లు నిండిన వ్యక్తికే గాని ఆయన కుటుంబానికి కాదు. ఆవిడకు 70 నిండే వరకు, అంటే ఇంకా నాలుగేళ్లపాటు, మీ కార్డు ఆవిడకు అక్కరకు రాదు.

ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 70 నిండినవారందరికీ విస్తరించడాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 11న ఆమోదించింది, అక్టోబరు 29న పథకం మొదలైంది. ఆదాయంతో నిమిత్తం లేదు, ఆధార్ ప్రకారం 70 నిండితే చాలు. ముందునుంచి ఉన్న జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తించడం ఇందులో గొప్ప మేలు, ఏ ప్రైవేటు పాలసీ కూడా మీ వయసులో ఇంత తేలికగా ఇవ్వని మేలు. అయితే 5 లక్షల పరిమితి ఏడాదికి ఒక కుటుంబానికి. అదే ఇంట్లో 70 దాటినవారు ఇద్దరుంటే ఆ మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. రేపు మీ శ్రీమతి కార్డు తీసుకున్నా మీకు 5, ఆవిడకు 5 రావు. మీ కుటుంబం ఇదివరకే ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారుల జాబితాలో ఉంటే మాత్రం 70 దాటినవారికి అదనంగా 5 లక్షలు ఉంటాయి.

ఇక మీ అబ్బాయి చెప్పిన సూపర్ టాప్-అప్ సంగతి. ఆయన ఆలోచన కాగితం మీద అందంగా ఉంది గాని ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలవదు. నిరుడు మా పెదనాన్నగారిని అర్ధరాత్రి ఛాతీనొప్పితో ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు నా చేతిలో ప్లాస్టిక్ కవరులో ఆయన కార్డు, పాలసీ కాగితాలు రెండూ ఉన్నాయి. అడ్మిషన్ కౌంటరులోని అమ్మాయి పేరు రాసుకోగానే అడిగిన మొదటి ప్రశ్న, "కార్డు మీదా, ఇన్సూరెన్సు మీదా, క్యాషా?" అని. రెండూ ఉన్నాయన్నాను. "ఏదో ఒకటి చెప్పండి సార్, ఫైలు దాన్ని బట్టే వెళ్తుంది" అంది. ఆ అమ్మాయి మాటలో అసలు విషయమంతా ఉంది. కార్డు మీద చేరితే ఆ చికిత్సకు ప్రభుత్వం ముందే నిర్ణయించిన ప్యాకేజీ ధర ఆసుపత్రికి చేరుతుంది. పరీక్షలు, మందులు, భోజనం, డిస్చార్జి తరువాత 15 రోజుల వరకు మందులు అందులోనే కలిసి ఉంటాయి, రోగి దగ్గర పైకం వసూలు చేయకూడదు. అంటే మీ పేరున బిల్లే తయారు కాదు. సూపర్ టాప్-అప్ కంపెనీకేమో ఆ ఏడాది మీ ఆసుపత్రి బిల్లుల మొత్తం 5 లక్షలు దాటిందని చూపించే కాగితాలు కావాలి. ఒకే చికిత్సకు 5 లక్షల వరకు కార్డు, ఆపైన పాలసీ అని అతికించే వీలు సాధారణంగా ఉండదు. అందుచేత 5 లక్షల డిడక్టిబుల్ ఉన్న సూపర్ టాప్-అప్ తీసుకునేవారి దగ్గర ఆ మొదటి 5 లక్షలకు వేరే పాలసీ అయినా ఉండాలి, బ్యాంకులో అంత సొమ్ము అయినా ఉండాలి. కార్డును ఆ జాగాలో కూర్చోబెట్టకండి.

పేరు దగ్గర ఇంకో జాగ్రత్త అవసరం. టాప్-అప్ వేరు, సూపర్ టాప్-అప్ వేరు. టాప్-అప్‌లో ఒక్కొక్క బిల్లూ విడిగా డిడక్టిబుల్ దాటాలి. సూపర్ టాప్-అప్‌లో ఏడాది పొడుగునా వచ్చిన బిల్లులన్నీ కలిపి దాటితే చాలు. ఒకే ఏడాదిలో రెండు మూడుసార్లు ఆసుపత్రిలో చేరే అవకాశం ఉన్న వయసులో రెండోదే ఉపయోగపడుతుంది.

మరి ఏం చేయాలంటే, ఫ్లోటర్ మానేయండి. ఫ్లోటర్‌లో ప్రీమియం సాధారణంగా ఇద్దరిలో పెద్దవారి వయసును బట్టి ఉంటుంది కాబట్టి, కార్డు ఉన్న మీ 72 ఏళ్ల వయసు భారాన్ని కార్డు లేని ఆవిడ పాలసీ మీద మోపినట్టవుతుంది. ఆవిడ ఒక్కరి పేరున 5 లక్షల పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఎందుకింత తొందర అంటే, ముందునుంచి ఉన్న జబ్బులకు కంపెనీలు పెట్టే వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే కాలం, ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలు. ఇప్పుడు మొదలుపెడితే ఆవిడకు 69 ఏళ్లు వచ్చేసరికి షుగరు, బీపీల వల్ల వచ్చే చికిత్సలకు కూడా పాలసీ పూర్తిగా పనిచేస్తుంది. ఈ మూడేళ్లలోనూ అది పనికిరాదని అనుకోవద్దు. ప్రమాదాలకు మొదటి రోజు నుంచి, డెంగీ, న్యుమోనియా వంటి కొత్త జబ్బులకు సాధారణంగా 30 రోజుల తరువాత నుంచి వర్తిస్తుంది. కంటిశుక్లం, హెర్నియా వంటి కొన్నింటికి మామూలుగా రెండేళ్లు ఆగాలి. 65 దాటితే పాలసీ ఇవ్వరన్న మాట ఇంకా వినిపిస్తోంది గాని, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలతో ఆ వయసు గీత పోయింది. ఆరోగ్య పరిస్థితి చూసి ఇవ్వాలా, ఎక్కువ ప్రీమియంతో ఇవ్వాలా, నిరాకరించాలా అన్నది మాత్రం కంపెనీ నిర్ణయమే. ఒక కంపెనీ కాదంటే ఇంకొక కంపెనీని అడగండి.

ప్రీమియం గురించి రెండు మాటలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. ఏజెంటుగారు చూపించిన లెక్క అంతకుముందుదేమో అడగండి. 60 దాటినవారి ప్రీమియాన్ని ఐఆర్‌డీఏఐని సంప్రదించకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదని 2025 జనవరిలో ఆదేశం కూడా వచ్చింది.

మీ సంగతికి వస్తే, మీకు పునాది ఆ కార్డే. దాని బలం ఎంతో తెలుసుకోవడానికి ఒక పని చేయండి. గుండెకు గాని, పక్షవాతానికి గాని రాత్రివేళ మిమ్మల్ని ఏ ఆసుపత్రికి తీసుకువెళతారో ఆ రెండు పేర్లు కాగితం మీద రాసి, పగటిపూట తీరిగ్గా అక్కడికి వెళ్లి, పథకం కింద వచ్చే రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రను అడగండి. ఆసుపత్రి పథకంలో ఉందా అని అడిగి ఊరుకోవద్దు. అనుమతి విభాగాల వారీగా ఉంటుంది కాబట్టి, గుండె విభాగం ఉందా, న్యూరో ఉందా, కిడ్నీ ఉందా అని విడివిడిగా అడగండి. ఆరిలోవ హెల్త్ సిటీలో పక్కపక్కనే ఉన్న ఆసుపత్రుల జవాబులు కూడా ఒకేలా ఉంటాయనుకోకూడదు. ప్రభుత్వ ఆసుపత్రులు కేజీహెచ్, విమ్స్ ఎలాగూ ఉన్నాయి. మీరు కోరుకున్న ఆసుపత్రి కార్డుకు ఒప్పుకోని పక్షంలో, బ్యాంకులో 5 లక్షలు కదల్చకుండా ఉంచగలిగితే, అప్పుడు మీ పేరున మీ అబ్బాయి చెప్పిన సూపర్ టాప్-అప్ అర్థవంతమవుతుంది. ఆ సొమ్ము లేకపోతే ముందు దాన్ని కూడబెట్టండి.

ఒక్కటి మరిచిపోయేవాణ్ణి. మీ ఇంటికి బియ్యం కార్డు ఉన్నా, ఏడాది ఆదాయం 5 లక్షల లోపు అయినా, రాష్ట్ర ప్రభుత్వ వైద్య పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో మీ శ్రీమతికి కూడా అర్హత ఉందేమో మీ సచివాలయంలో కనుక్కోండి. అర్హత ఉంటే ఈ మూడేళ్ల వెయిటింగ్ కాలానికి అది పెద్ద అండ అవుతుంది. అయినా పాలసీ మానవద్దని నా సలహా. బకాయిల కారణంగా 2025 అక్టోబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆ సేవలు ఆపేసిన రోజులు మనం చూశాం.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు గాజువాకలో ఉంటారు. మా ఆఫీసు గ్రూప్ పాలసీలో వాళ్ల పేర్లు ఉన్నాయి. విడిగా ఇంకోటి తీసుకుందామంటే, "షుగరు సంగతి రాయకండి మేడమ్, ప్రీమియం పెరుగుతుంది, మూడేళ్లు పోతే ఎవరూ అడగరు" అని ఏజెంటు అంటున్నారు. నిజమేనా?
– బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నిజం కాదమ్మా. రాయండి, తప్పకుండా రాయండి. ప్రపోజల్ ఫారంలో ఆరోగ్య ప్రశ్నల పేజీ ఒకటి ఉంటుంది. మధుమేహం, రక్తపోటు, గుండె, కిడ్నీ అంటూ వరుసగా ఒక్కొక్కదానికీ అవును, కాదు అని రెండు గళ్లు ఉంటాయి. చాలామంది ఏజెంట్లు ఆ పేజీ మొత్తానికి "కాదు" టిక్కులు పెట్టి చివర సంతకం చేయించుకుంటారు. దాని ఫలితం నాలుగేళ్ల తరువాత ఆసుపత్రిలో బయటపడుతుంది. డ్యూటీ డాక్టరు మీ నాన్నగారిని "షుగరు ఎన్నేళ్ల నుంచి?" అని అడుగుతారు. ఆయన దాచుకోకుండా "పదిహేనేళ్లు డాక్టరుగారూ" అంటారు. అది కేసు షీటులో మొదటి వరుసలోనే పడుతుంది, డిస్చార్జి సమ్మరీలోకీ ఎక్కుతుంది, క్లెయిమ్ పరిశీలించేవారు మొట్టమొదట చదివేది అదే. పాలసీ 60 నెలలు ఆగకుండా నడిచిన తరువాత, మోసం రుజువైతే తప్ప, కంపెనీ పాత వివరాలు తిరగదోడి క్లెయిమ్ నిరాకరించకూడదన్న నియమం ఉంది. మీ ఏజెంటు చెప్పిన మూడేళ్లు వెయిటింగ్ పీరియడ్‌కు సంబంధించినవి, వాటికీ దీనికీ ముడిలేదు. పైగా తెలిసి తెలిసి దాచడాన్ని మోసం కింద చూపించే అవకాశం ఉండగా, ఆ నియమాన్ని నమ్ముకుని అబద్ధం రాయించడం అమ్మానాన్నల వైద్యాన్ని పందెం ఒడ్డడమే.

ఫారం మీరే చదివి నింపండి. పాలసీ చేతికి వచ్చాక దానితోపాటు పంపే ప్రపోజల్ నకలు తెరిచి ఆ గళ్లు మళ్లీ చూడండి. తప్పు కనిపిస్తే వెంటనే రాతపూర్వకంగా సరిచేయమనండి. పాలసీయే నచ్చకపోతే, అందిన 30 రోజుల లోపల వెనక్కి ఇచ్చేయవచ్చు.

ఆఫీసు పాలసీని ఉన్నన్నాళ్లు వాడుకోండి. అందులో వెయిటింగ్ పీరియడ్ లేకపోతే అంతకన్నా మంచిది లేదు. కాని అది మీ ఉద్యోగంతో ముడిపడినది. మీరు ఉద్యోగం మారిన నెలలోనే నాన్నగారికి సుస్తీ చేస్తే ఎలా అన్నదే ఆలోచించాల్సింది. విడి పాలసీ ఇప్పుడే మొదలుపెడితే ఆఫీసు పాలసీ నీడలోనే ఆ 36 నెలలు గడిచిపోతాయి.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. ఆరేళ్లుగా పాలసీ కడుతున్నాను. మొన్న మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నాను. బిల్లు 3,00,000 అయితే కంపెనీ 1,50,000 మాత్రమే ఇచ్చింది. గది అద్దె పరిమితి, 20 శాతం కో-పే అని ఏవో రాశారు. సగం సొమ్ము ఎలా పోయిందో అర్థం కావడం లేదు. బిల్లు, కోత కాగితం జతచేస్తున్నాను.
– కంచరపాలెం పాఠకులు

జవాబు: మీరు పంపిన కాగితాలు రెండుసార్లు లెక్క కట్టి చూశాను. కోతలో కొంత పాలసీ ప్రకారమే జరిగింది, కొంత మాత్రం జరగకూడనిది. మీ పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000. మీరు ఉన్న గది అద్దె 8,000. ఇలా జరిగినప్పుడు తేడా 3,000 మనం కట్టుకుంటే పోతుందని అందరూ అనుకుంటారు. అంతటితో పోదు. గది స్థాయిని బట్టి ఆసుపత్రి సర్జను ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటరు, నర్సింగు ఛార్జీలు కూడా పెంచుతుంది కాబట్టి, కంపెనీ ఆ ఛార్జీలకు కూడా ఎనిమిదింట అయిదు వంతులే ఇస్తుంది.

మీ బిల్లులో అయిదు రోజుల గది అద్దె 40,000, సర్జనుతో మొదలుకొని నర్సింగు దాకా ఛార్జీలు 1,60,000, మందులు, కృత్రిమ కీలు, పరీక్షలు కలిపి 1,00,000. గదికి 25,000, ఛార్జీలకు 1,00,000 రావాలి. మందులు, శరీరంలో అమర్చే పరికరాలు, పరీక్షల మీద ఈ దామాషా కోత వేయకూడదని ఐఆర్‌డీఏఐ నియమం, కనుక అవి పూర్తిగా 1,00,000. మొత్తం 2,25,000. అందులో 20 శాతం కో-పే, అంటే పాలసీ ప్రకారం మన వంతుగా భరించాల్సిన 45,000, తీసేస్తే మీకు రావలసింది 1,80,000. మీ కంపెనీ మొత్తం 3,00,000 మీదా అయిదు బై ఎనిమిది వేసి 1,87,500 అని తేల్చి, దాని మీద కో-పే తీసి 1,50,000 ఇచ్చింది. మీకు ఇంకా 30,000 రావాలి.

ముందుగా కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఈ లెక్కను అంకెలతో సహా రాసి పంపండి, ఈ-మెయిల్ చేస్తే తేదీకి రుజువు ఉంటుంది. బీమా భరోసా పోర్టల్లో గాని, 155255 నంబరుకు ఫోను చేసి గాని ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా, ఏడాది లోపల హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనిదే. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు వారు వింటారు.

ఈ ఉత్తరం చదువుతున్న మిగతావారికి ఒక మాట. పెద్దవారి పాలసీ ఎంచుకునేటప్పుడు 5 లక్షలా, 10 లక్షలా అన్నదానికన్నా ముందు చూడాల్సినవి ఈ రెండే, గది అద్దె పరిమితి, కో-పే. అన్ని కంపెనీలూ అమ్మే ఆరోగ్య సంజీవని అనే ప్రామాణిక పాలసీ 2020 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో కో-పే 5 శాతమే గాని, గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, అదీ రోజుకు 5,000కు మించకుండా. కంటిశుక్లానికి ఒక్కో కంటికి 40,000 దాటి ఇవ్వరు. షేరింగు గదిలో ఉండటానికి అభ్యంతరం లేనివారికి అది చక్కని పాలసీ. విడి గది కావాలనుకునేవారు గది పరిమితి లేని పాలసీకి కొంత ఎక్కువ కట్టడమే మేలు. ఇప్పుడున్న పాలసీ నచ్చకపోతే రెన్యువల్ తేదీకి 45 రోజుల ముందే పోర్టింగుకు, అంటే వేరే కంపెనీకి మారడానికి, దరఖాస్తు చేయండి. ఇంతవరకు గడిపిన వెయిటింగ్ కాలం కొత్త కంపెనీలోనూ లెక్కకు వస్తుంది. ఒప్పుదల కాగితం చేతికి వచ్చే వరకు పాతది మాత్రం ఆపవద్దు.

ప్రశ్న: నౌకాదళం నుంచి రిటైరయ్యాను. వయసు 74. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంది. వయో వందన కార్డు కూడా తీసుకోవచ్చా?
– మల్కాపురం పాఠకులు

జవాబు: రెండూ ఉంచుకోవడం కుదరదు. ఈసీహెచ్‌ఎస్, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఉండే సీజీహెచ్‌ఎస్ వంటివి ఉన్నవారు ఏదో ఒకటి ఎంచుకోవాలి. మీరు ఈసీహెచ్‌ఎస్ వదలవద్దు. మీ శ్రీమతికి కూడా అది వర్తిస్తుంది. పాలీక్లినిక్‌లో ఓపీ చూపించుకోవచ్చు, నెలనెలా మందులు వస్తాయి. పెద్దవారి ఇంట్లో ఆగని ఖర్చు ఆ మందులదే. వయో వందన కార్డు ఓపీకి పనికిరాదు, మామూలు ప్రైవేటు పాలసీలు కూడా ఆ ఖర్చు ముట్టుకోవు. విడిగా ప్రైవేటు పాలసీ కొనుక్కోవడానికి మాత్రం ఏ కార్డూ అడ్డు కాదు.

ప్రశ్న: అమ్మ పాలసీ ప్రీమియం నేను కడితే నాకు ఆదాయపు పన్నులో తగ్గింపు వస్తుందా?
– మధురవాడ పాఠకులు

జవాబు: పాత పన్ను విధానంలో ఉంటేనే వస్తుంది. 80డి మినహాయింపు అని అందరూ పిలిచేది ఇదే. 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియానికి ఏడాదికి 50,000 వరకు, మీ సొంత కుటుంబానికి ఉన్న పరిమితికి అదనంగా చూపించుకోవచ్చు. ప్రీమియం నగదుగా కట్టకండి, కడితే మినహాయింపు పోతుంది. ఏ కంపెనీ కూడా అమ్మగారికి పాలసీ ఇవ్వకపోతే, ఆవిడ వైద్యానికి మీరు పెట్టిన ఖర్చునే అదే 50,000 పరిమితిలో చూపించవచ్చు. దానికీ నగదు చెల్లింపు కుదరదు కాబట్టి మందుల షాపులో కూడా ఫోను ద్వారానో కార్డుతోనో చెల్లించి, బిల్లు అమ్మగారి పేరున రాయించుకోండి.